ముద్ర మీద హవ్వ

లండన్ పళ్ళవర్తకుల శ్రేణికి ఒక చిహ్నముంది. నడుమ ఏదెను తోటలోని చెట్టు, దాన్ని చుట్టుకున్న పాము, చెరోపక్కా ఆదాము, హవ్వ. మధ్యయుగాల నుంచి నేటిదాకా నిలిచిన ఆ సంస్థ చరిత్ర చదువుతున్నంతసేపూ నా చూపు హవ్వ దగ్గరే ఆగిపోతుంది.

13వ శతాబ్దం చివరికే ఆ నగరంలో పళ్ళవర్తకులు ఒక వృత్తిబృందంగా ఉన్నారు. 1463లో నియమావళి, 1606లో మొదటి జేమ్స్ రాజు సనదు లభించాయి. నగర శ్రేణుల వరుసలో వారిది 45వ స్థానం. నగరంలోకి వచ్చే పళ్ళ మీద ఒకప్పుడు మేయరుకు దక్కిన సుంకానికి గుర్తుగా ఇప్పటికీ ఏటా ఆయనకు పళ్ళు సమర్పిస్తారు. సనదు, చిహ్నం, ఆచారం - సంస్థ తనను తాను గుర్తుంచుకునే పద్ధతులివి.

మరి ఈ జ్ఞాపకంలో స్త్రీలెక్కడ? 1419లో సంకలనం చేసిన 'లిబెర్ ఆల్బస్' నగర ఆచారాల గ్రంథం. భర్త జోక్యం లేకుండా సొంతంగా వ్యాపారం చేసే వివాహితను అది వ్యాపార వ్యవహారాల్లో ఒంటరి స్త్రీగా లెక్కించింది. అప్పులకు ఆమే జవాబుదారీ. శ్రేణి సభ్యుడు చనిపోతే అతని భార్య దుకాణం నడపవచ్చు, పని నేర్చుకునే కుర్రాళ్ళను పెట్టుకోవచ్చు. హక్కే, కాదనను. కానీ అది భర్త పేరు మీదుగా నడిచొచ్చిన హక్కు. పారిస్‌లో, కొలోన్‌లో పట్టుపని చేసే స్త్రీలకు సొంత శ్రేణులుండేవి. లండన్‌లో పట్టుపని చేసిన స్త్రీలకు అదీ దక్కలేదు.

శ్రేణి బయట, వీధుల్లో పళ్ళమ్మిన స్త్రీలు బొమ్మల్లో కనిపిస్తారు. 17వ శతాబ్దం చివర మార్సెలస్ లరూన్ నిమ్మ, నారింజ పళ్ళమ్మే ఆమెను గీశాడు. 1790లలో ఫ్రాన్సిస్ వీట్లీ గీసిన నారింజపళ్ళ అమ్మాయి మరీ నాజూకు. రోజంతా బరువు మోసిన మెడ కాదది. 19వ శతాబ్దం నడుమ హెన్రీ మేహ్యూ వీధి వ్యాపారుల్ని, ఐరిష్ నారింజ అమ్మకందార్లతో సహా, పలకరించి వాళ్ళ మాటల్ని రాసుకున్నాడు. అయితే ప్రశ్నలు అతనివే, ఎంపికా అతనిదే.

'మనకు తెలియని మన చరిత్ర' (1986) తెలంగాణ సాయుధ పోరాట స్త్రీల గొంతు వినిపించగలిగింది, వాళ్ళు బతికున్నారు గనక. మాట్లాడించడానికి ఎవరూ మిగలని చోట శాసనాలనే తిరగేసి చదవాలి. ఫలానా వీధిలో నిలబడి అమ్మరాదన్న ప్రతి ఆంక్షా, అక్కడ ఎవరో నిలబడి అమ్మారనడానికి సాక్ష్యం. ఆ ఎవరో స్త్రీ కాదని ముందే అనుకోవడమే మనం మానుకోవలసిన అలవాటు.

హవ్వ పండును వాళ్ళు పతనానికి గుర్తుగా చదివారు. నేను దాన్ని సరుకుగా చదువుతాను. ఆమె ఎంతకు కొన్నది, ఎంతకు అమ్మింది, సాయంత్రానికి గంపలో ఎన్ని మిగిలాయి - చరిత్ర అడగవలసింది ఇవి.