హాట్ స్టార్ట్ సమస్య

చల్లగా ఉన్నప్పుడు వెంటనే స్టార్టయ్యే కారు, నడిచి ఆగాక ఇంజిన్ వేడి మీద మొరాయించడాన్ని హాట్ స్టార్ట్ సమస్య అంటారు. ఇంజిన్ ఆపగానే కూలెంట్ ప్రవాహం నిలిచిపోయి, బానెట్ కింద వేడి కొద్దిసేపు పెరుగుతుంది. పెట్రోలులోని తేలిక భాగాలు సుమారు 35-40 డిగ్రీల సెల్సియస్ వద్దే మరగడం మొదలుపెడతాయి.

అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని వంటి కార్బురేటర్ కార్లలో ఇలా మరిగి ఏర్పడిన ఆవిరి ఇంధన గొట్టంలో చేరి పెట్రోలును పంపుకు అందనిచ్చేది కాదు. దీన్ని వేపర్ లాక్ అంటారు. పంపుపై తడిగుడ్డ వేసి చల్లార్చడం నాటి ఉపాయం.

ఇంజెక్షన్ కార్లలో కారణాలు వేరు. ఇంజెక్టర్ కారితే పెట్రోలు ఎక్కువై స్పార్క్ ప్లగ్ తడిసి నల్లబడుతుంది. కూలెంట్ సెన్సార్ వేడి ఇంజిన్‌ను చల్లనిదిగా చూపినా ఇంధనం అతిగా పడుతుంది. క్రాంక్‌షాఫ్ట్ సెన్సార్ వేడికి సంకేతం ఆపేసి, చల్లారాక మళ్లీ పనిచేయవచ్చు.

లోపం కనిపిస్తున్నప్పుడే పరీక్షించడం నిర్ధారణలో కీలకం. సెల్ఫ్ నెమ్మదిగా తిరిగితే బ్యాటరీ, స్టార్టర్ మోటారు, ఎర్త్ వైరు చూస్తారు. సెల్ఫ్ కొట్టేటప్పుడు 12 వోల్టుల బ్యాటరీ సాధారణంగా 9.6 వోల్టుల కిందికి పడకూడదు. చురుగ్గా తిరిగితే స్పార్క్, ఇంధన ఒత్తిడి, స్కానర్‌లో కూలెంట్ ఉష్ణోగ్రత వరుసగా పరిశీలిస్తారు. ఈ క్రమం అనవసరంగా విడిభాగాలు మార్చే ఖర్చును తప్పిస్తుంది.