సాక్ష్యం చెప్పిన ఆడవాళ్ళు

దళితులు క్రైస్తవంలోకి ఎందుకు వెళ్ళారు? ఈ ప్రశ్నకి మన దగ్గర సిద్ధంగా ఉన్న జవాబులు కొన్ని ఉన్నాయి. కరువులో గంజి కోసం వెళ్ళారన్నారు కొందరు. దొరల అండ కోసం వెళ్ళారన్నారు ఇంకొందరు. చదువు కోసం, ఆత్మగౌరవం కోసం వెళ్ళారని దళిత ఉద్యమం చెప్పింది. అన్నిటిలోనూ ఎంతోకొంత నిజముంది. కాకపోతే ఈ జవాబులన్నీ ఇంటి మగవాణ్ణి మనసులో పెట్టుకుని చెప్పినవే. అతను వెళ్ళాడు కాబట్టి ఆమె వెనకాల నడిచిందని మనం ఊహించేసుకున్నాం. ఆమెని విడిగా అడిగితే ఏం చెప్పేదో చరిత్రకారులకి పట్టలేదు. మతం అనగానే పితృస్వామ్యం దగ్గర ఆగిపోయే మన స్త్రీవాద చర్చలూ దాన్ని పెద్దగా పట్టించుకోలేదు.

నేను ఒంగోలు ప్రాంతపు మాదిగ క్రైస్తవ కుటుంబంలో పుట్టాను. మా ఇంటి ఆడవాళ్ళని “దేవుడు నీకేమిచ్చాడు” అని అడిగితే భూమనీ చదువనీ చెప్పరు. “ఆదరణ” అంటారు. తెలుగు బైబిల్లో పరిశుద్ధాత్మకి వాడిన పేరు ఆదరణకర్త. ఈ మాటకి ఓదార్పు అనే అర్థం ఒక్కటే చెప్తే సరిపోదు. అత్తింట్లో ఆదరణ లేదు అంటాం. పుట్టింట్లో ఆదరించారు అంటాం. గడప దగ్గర నిలబడ్డ మనిషిని లోపలికి పిలిచి, కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చి, ఏమైందమ్మా అని అడగడం ఆదరణ. ఏ గడపా రమ్మనని స్త్రీలు ఈ మాటని పట్టుకున్నారంటే, అది వాళ్ళ రోజువారీ బతుకులో ఏ పని చేసిందో చూడాలనిపించింది.

ఒంగోలు కథ మామూలుగా జాన్ క్లవ్ అనే అమెరికన్ బాప్టిస్టు మిషనరీతో మొదలవుతుంది. ఆయన 1866లో ఒంగోలు వచ్చాడు. అంతకు పన్నెండేళ్ళ ముందు, 1854 జనవరి 1 తెల్లవారుజామున నెల్లూరు మిషనరీ లైమన్ జ్యూయెట్ ఒంగోలు కొండెక్కి ఈ ఊరికి ఒక మనిషిని పంపమని ప్రార్థన చేశాడని చెప్తారు. అది ప్రార్థన కొండగా పేరు తెచ్చుకుంది. ఆ పొద్దున కొండెక్కింది ఐదుగురు. జ్యూయెట్, ఆయన భార్య, నర్సు అనే స్థానిక క్రైస్తవుడు, జూలియా, రూతు. ఐదుగురిలో ముగ్గురు స్త్రీలు. తలుచుకునేటప్పుడు మాత్రం అది జ్యూయెట్ ప్రార్థన.

దీనికి ఇంకో మొదలు కూడా ఉంది. ఒంగోలు మాదిగల్లో క్రైస్తవాన్ని మోసుకొచ్చిన తొలి మనిషి యర్రగుంట్ల పేరయ్య. 1866లో ఆయనా, భార్య నాగమ్మా బాప్తిస్మం తీసుకున్నారు. పేరయ్య అప్పటికే దేవుణ్ణి వెతుకుతూ తిరిగినవాడు, రాజయోగం నేర్చినవాడు. అది ఆయనకి నేర్పిన గురువు బండికట్ల వీరమ్మ అనే స్త్రీ. విగ్రహం లేని దేవుడు ఒకడున్నాడనీ, లోపలికి చూసి వెతకాలనీ చెప్పే దారి ఆ పల్లెల్లో మిషనరీలకి ముందే ఉంది. ఒక ఆడమనిషి ఆ దారి చూపిస్తే మగవాళ్ళు శిష్యులుగా కూర్చుని విన్నారు. తెల్లదొర వచ్చి చీకట్లో దీపం పెట్టాడనే కథలో వీరమ్మకి చోటు లేదు. ఆ తర్వాత పేరయ్య పల్లెలు తిరుగుతుంటే ఆడవాళ్ళ దగ్గర కూర్చుని మాట్లాడిన నాగమ్మకీ అందులో దక్కింది ఒకటి రెండు వాక్యాలే.

వీళ్ళ గురించి మనకి ఈ మాత్రమైనా తెలియడానికి ఎమ్మా రాషెన్‌బుష్ క్లవ్ రాసిన పుస్తకం ఒక కారణం. మొదటి భార్య హారియట్ చనిపోయాక క్లవ్ 1894లో ఈమెని పెళ్ళి చేసుకున్నాడు. స్విట్జర్లాండులోని బెర్న్ విశ్వవిద్యాలయంలో డాక్టరేట్ తీసుకున్న విదుషి. పరిశోధన దేనిమీదనుకున్నారు? స్త్రీల హక్కుల గురించి 18వ శతాబ్దంలోనే రాసిన మేరీ వుల్‌స్టన్‌క్రాఫ్ట్ మీద. ఆ పుస్తకం 1898లో వచ్చింది. మరుసటి ఏడు, 1899లో, ఒంగోలు మాదిగలు చెప్పిన కథలతో ‘వైల్ సూయింగ్ శాండల్స్’ వచ్చింది. చెప్పులు కుట్టుకుంటూ చెప్పుకునే కథలన్నమాట. మాతంగి గురించీ, ఎల్లమ్మ గురించీ, మాదిగ గురువుల గురించీ ఆమె శ్రద్ధగా రాసింది. అయినా ఎక్కువ కథలు మగ ప్రచారకులవే. స్త్రీల హక్కుల మీద డాక్టరేట్ చేసిన మనిషి రాసినా నాగమ్మ తన కథ తాను చెప్పుకునే చోటు దొరకలేదు. నేనూ సాహిత్యంలో డాక్టరేట్ చేసినదాన్నే కాబట్టి ఈ సంగతి నన్ను ఊరికే వదలదు.

ఇక నియమాల సంగతి. చేరదలిచిన వాళ్ళకి పెట్టిన నియమాలు ముఖ్యంగా మూడు. ఆదివారం పని చెయ్యొద్దు. చచ్చిన గొడ్డు మాంసం తినొద్దు. విగ్రహాలకి మొక్కొద్దు. చరిత్ర పుస్తకాల్లో వీటిని మగవాళ్ళకీ ఊరి పెద్దలకీ మధ్య తగువుగా చూపిస్తారు. డప్పు కొట్టనన్నందుకు, ఆదివారం పొలానికి రానన్నందుకు దెబ్బలు తిన్నది మగవాళ్ళని. వీటినే వంటింటి వైపునుంచి చదివి చూడండి. వారానికొక రోజు ఎవరి కల్లానికీ వెళ్ళక్కర్లేదు. తలస్నానం చేసి, ఉతికిన కోక కట్టుకుని, పదిమంది మధ్యలో కూర్చునే రోజు అది. తరతరాల వెట్టిలో అలాంటి రోజు ఆడదానికి ఎప్పుడొచ్చింది? రెండో నియమం కూడా ఆమె కుండలోకే వచ్చింది. తిండి విషయంలో ఊరు పెట్టిన పేరుని వదిలించుకోవడం ఒక మాట. కరువు రోజుల్లో ఆ కూడు కూడా లేకుండా పిల్లలకి ఏం పెట్టాలన్నది ఇంకో మాట. ఆ భారం మోసింది ఆమే. మూడో నియమంలో రెండు వైపులున్నాయి. దేవత పేరుతో ఆడపిల్లని ఊరికి వదిలెయ్యనక్కర్లేదు. ఇది చిన్న విడుదల కాదు. కానీ పూనకంలో అగ్రకులాల వాళ్ళ ముఖాన ఉమ్మగలిగిన మాతంగి అధికారం కూడా దాంతోనే పోయింది. కొత్త గుడిలో వేదిక మీద నిలబడింది మగవాడు.

1876-78 కరువు మన జిల్లాల్ని ఊడ్చేసింది. బకింగ్‌హాం కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ళ పనిని క్లవ్ కాంట్రాక్టుకి తీసుకున్నాడు. మాదిగ ప్రచారకులు మేస్త్రీలయ్యారు. మన్ను మోసే జనం మధ్య కూర్చుని సాయంత్రాలు బోధించారు. కూటికోసం మతం మారారనే మాట అక్కణ్ణించే పుట్టింది. ఆ మాట అనేవాళ్ళు చెప్పని సంగతి ఒకటుంది. కరువు నడిచిన పదిహేను నెలలు మిషను ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. పని అయిపోయి, కూలి ఆగిపోయాక జనం వచ్చారు. 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర 2,222 మంది నీళ్ళలో దిగారు. ఇచ్చింది దొర కాదు. ఆరుగురు తెలుగు ప్రచారకులు, ఇద్దరిద్దరు చొప్పున, పొద్దుణ్ణించి సాయంత్రం దాకా ఇచ్చారు. అదే గుండ్లకమ్మలో ఆ నీళ్ళు ముట్టుకుంటే మైలని చెప్పిన ఊళ్ళున్నాయి. నడుముల్లోతు నీళ్ళలో నిలబడ్డ ఆడవాళ్ళు ఏమనుకున్నారో ఎవరూ రాసిపెట్టలేదు.

రాసిపెట్టకపోయినా వాళ్ళు మాట్లాడారు. క్రైస్తవ కూడికల్లో ‘సాక్ష్యం’ అనే పద్ధతి ఒకటుంది. లేచి నిలబడి, ఈ వారం నాకేం జరిగిందో, దేవుడు నన్నెలా దాటించాడో చెప్పాలి. మా అమ్మమ్మ చదువుకోలేదు. బైబిల్లో పేజీల మధ్య కొబ్బరాకు ముక్కలు గుర్తుగా పెట్టి నాచేత చదివించుకునేది. పగలంతా పొగాకు బేరన్లో పని చేసి వచ్చిన మనిషి, స్త్రీల సమాజంలో సాక్ష్యానికి లేస్తే మాట తడబడేది కాదు. కూలి తగ్గించిన సంగతి, అల్లుడు తాగి గొడవ చేసిన సంగతి, గేదె ఈని దూడ చచ్చిపోయిన సంగతి, అన్నీ వరసగా చెప్పేది. ఏ సంగతీ చిన్నదని తీసేసేది కాదు. మిగతావాళ్ళు మధ్యలో “స్తోత్రం” అనేవాళ్ళు. అయిపోయాక ఆమె మనవిని అందరూ కలిసి పైకి ప్రార్థించేవాళ్ళు. ఆ తర్వాత ఇద్దరు ముగ్గురు ఇంటిదాకా తోడొచ్చేవాళ్ళు. వంటకి బియ్యం పోసుకునేటప్పుడల్లా పిడికెడు తీసి పక్కన పెట్టి, పోగైంది గుడికి తెచ్చేవాళ్ళు. అవసరమైన ఇంటికి అందులోంచే వెళ్ళేది. నాకు తెలిసిన ఆదరణ ఇది. పైనించి దిగిన మత్తు కాదు. ఒకరి కష్టాన్ని ఇంకొకరు చెవిపెట్టి వినే ఏర్పాటు. మన దగ్గర స్త్రీల ఆత్మకథలు అరుదని బాధపడతాం. అచ్చులో అరుదేమో. వారం వారం, మాదిగపల్లెల్లో, కిరోసిన్ దీపాల కింద అవి వినపడుతూనే ఉన్నాయి.

ఇంత చెప్పి దీని రెండో ముఖం దాచిపెడితే న్యాయం కాదు. మా పిన్ని పదకొండేళ్ళు దెబ్బలు తింది. ఉపవాసముండి ప్రార్థన చెయ్యమ్మా, మారతాడు అన్నారు పెద్దలు. భర్తకి లోబడమని చెప్పే వాక్యాలు చూపించారు. ఆమె ఏ సాక్ష్యం చెప్పాలో కూడా వాళ్ళే నిర్ణయించారు. విన్న తర్వాత పక్కన నడిచేది ఆదరణ. వినకముందే సర్దుకోమనేది దాని పేరు పెట్టుకున్న కాపలా. చివరికి మా పిన్నిని బయటికి తీసుకొచ్చింది కూడా ఆ స్త్రీల సమాజంలోని ముగ్గురు ఆడవాళ్ళే. అయ్యగారికి చెప్పకుండా తెచ్చారు. సంఘం ఒక్కటే, బైబిలూ ఒక్కటే. అది ఎవరి నోట్లో ఉందన్నదే తేడా. చర్చిల్లో మాల మాదిగ తగువులు, అగ్రకుల క్రైస్తవుల దూరాలు ఇప్పటికీ పోలేదు. దక్షిణ ఇండియా సంఘం 1947లో ఏర్పడింది. అందులో ఒక స్త్రీ బిషప్ కావడానికి 2013 దాకా పట్టింది. ఆమె నంద్యాల అధ్యక్ష మండలానికి బిషప్ అయిన పుష్పలలిత.

రాజ్యం మాత్రం ఈ స్త్రీల విశ్వాసాన్ని వేరే లెక్కలో చూసింది. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం షెడ్యూల్డు కులమంటే హిందువులకే. 1956లో సిక్కుల్నీ, 1990లో బౌద్ధుల్నీ చేర్చారు. క్రైస్తవుల్ని చేర్చలేదు. ఆంధ్రప్రదేశ్‌లో వాళ్ళది బీసీ-సి, రిజర్వేషను ఒక్క శాతం. మతం మారితే కులం పోతుందని కాగితం అంటుంది. పోయిందో లేదో ఊరి చెరువుని అడగాలి. అందుకే మా ఇళ్ళల్లో ఒక్కొక్కరికి రెండు పేర్లు. బడి రికార్డులో ఒకటి, గుడి రిజిస్టర్లో ఒకటి. నా సర్టిఫికెట్ల మీదున్న పేరుతో మా అమ్మ నన్నెప్పుడూ పిలవలేదు. దేవుడి ముందు నిజం చెప్పమని నేర్పిన తల్లే ఆఫీసులో ఏం చెప్పకూడదో కూడా నేర్పాల్సి వచ్చింది. మగపిల్లల విషయంలోనూ అంతే. కాకపోతే ఆ రెండు పేర్ల లెక్కని జాగ్రత్తగా కాపాడే పని, ఎవరెదుట ఏది పలకాలో గుర్తుపెట్టుకునే పని ఎప్పుడూ ఆడవాళ్ళదే.

చెరువు మాట ఎందుకన్నానంటే కారంచేడు కోసం. 1985 జులైలో, మాదిగలు తాగే నీళ్ళల్లో కుడితి బకెట్లు కడగొద్దని అడ్డు చెప్పినప్పుడు దెబ్బకి ఎదురుగా బిందె ఎత్తింది మున్నంగి సువార్త అనే స్త్రీ. జులై 17న పల్లె మీద పడి ఆరుగుర్ని చంపారు. పారిపోయి చీరాల చేరిన వాళ్ళల్లో క్రైస్తవ కుటుంబాలు చాలా ఉన్నాయి. కేసులో సాక్షిగా నిలబడ్డ దుడ్డు అలీసమ్మని చంపేశారు. 2008లో సుప్రీంకోర్టు శిక్షలు ఖరారు చేసేదాకా ఇరవైమూడేళ్ళు గడిచాయి. సువార్త అంటే మంచి కబురు. గుడిలో చెప్పేదాన్నీ కోర్టులో చెప్పేదాన్నీ తెలుగులో ఒకే మాటతో సాక్ష్యం అంటాం. వారం వారం పదిమందిలో లేచి తన కష్టం తానే చెప్పడం అలవాటైన సమాజం అది. వాళ్ళ ధైర్యానికి మూలం అదొక్కటేనని నేననను. ఉద్యమం ఉంది, చదువు ఉంది, కోపం ఉంది. కానీ ఆ అలవాటుని లెక్కలోంచి తీసేసి దళిత స్త్రీల చరిత్ర రాస్తే అది సగమే అవుతుంది.

మన సాహిత్యం ఈ పని మొదలుపెట్టింది. దళిత స్త్రీల రచనల్ని గోగు శ్యామల 2003లో ‘నల్లపొద్దు’గా తెచ్చారు. తప్పిపోయిన కుమారుడి ఉపమానాన్ని ఎం.ఎం. వినోదిని ‘తప్పిపోయిన కుమార్తె’ కథగా మార్చారు. బైబిల్ కథలు మా ఆడవాళ్ళకి ఇంటి కథల్లాంటివి కాబట్టి అలా తిరగరాయడం సాధ్యమైంది. మిగిలిన పని ఇంకా ఉంది. స్త్రీల సమాజాల్లో సాక్ష్యాలు చెప్పిన ముసలమ్మలు రోజురోజుకీ తగ్గిపోతున్నారు. మైకులు, తెరలు వచ్చిన పెద్ద కూడికల్లో లేచి మాట్లాడే వంతు వాళ్ళకి రావడం లేదు. వాళ్ళ దగ్గరికి వెళ్ళేటప్పుడు మనం నమ్ముతామా లేదా అన్న ప్రశ్నని కాసేపు పక్కన పెడదాం. ఏం జరిగిందమ్మా అని అడిగి, చెప్పినంతసేపూ కూర్చుందాం. నాగమ్మని అలా అడిగినవాళ్ళు లేకపోయారు.