ఆశా కార్యకర్తలు: గౌరవ భృతి నుంచి హక్కుల దాకా

భారతదేశంలో గ్రామీణ ఆరోగ్య సహాయకుల ఉద్యోగ భద్రత సమస్యకు మూలం 1977 అక్టోబరు 2న ప్రారంభమైన సామాజిక ఆరోగ్య కార్యకర్తల పథకంలో కనిపిస్తుంది. ఊరివారు ఎంచుకున్న వ్యక్తికి స్వల్పకాలిక శిక్షణ ఇచ్చి, నెలకు 50 రూపాయల గౌరవ భృతి, అంటే జీతంగా పరిగణించని చిన్న మొత్తం, చెల్లించిన ఆ పథకం వారిని ఉద్యోగులుగా కాక స్వచ్ఛంద సేవకులుగానే చూసింది. 2005లో మొదలైన జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్ కింద సుమారు వెయ్యి జనాభాకు ఒకరు చొప్పున నియమితులైన ఆశా కార్యకర్తలకూ ఇదే హోదా సంక్రమించింది. రోజుకు రెండు మూడు గంటల పనిగా మొదట భావించినా, గర్భిణుల నమోదు, ప్రసవానికి తోడుగా ఆసుపత్రికి వెళ్లడం, టీకాలు, సర్వేలు ఒకటొకటిగా చేరడంతో పనివేళలకు హద్దు చెరిగిపోయింది. చేసిన పనిని బట్టి ఇచ్చే ప్రోత్సాహకంలో అదనపు గంటలకు లెక్క లేదు.

ఆశా కార్యకర్తల వంటి ప్రభుత్వ పథకాల సిబ్బందిని కార్మికులుగా గుర్తించి కనీస వేతనం, సామాజిక భద్రత కల్పించాలని 2013లో 45వ భారత కార్మిక సదస్సు సిఫారసు చేసింది. ఆంధ్రప్రదేశ్ 2019లో ఆశా కార్యకర్తల నెలసరి మొత్తాన్ని 10,000 రూపాయలకు పెంచి, 2025లో గ్రాట్యుటీ, వేతనంతో కూడిన ప్రసూతి సెలవు ప్రకటించింది. అర్ధరాత్రి పిలుపు వచ్చినా కదిలే ఈ స్త్రీలకు ఉద్యోగి హోదాను, నిర్ణీత పనివేళలను చట్టబద్ధం చేయడం ప్రభుత్వాలు ఇక వాయిదా వేయకూడని బాధ్యత.