షామరెల్ కొండ ఊరు: నేల, నీరు, అడవి

మారిషస్ ద్వీపపు నైరుతి భాగమున, సముద్రతీరానికీ నడిమి పీఠభూమికీ మధ్య, కొండల ఒడిలో షామరెల్ అను చిన్న గ్రామము కలదు. 1800 ప్రాంతంలో ఇక్కడ భూములు కలిగి ఉండిన షాజాల్ ద షామరెల్ అను ఫ్రెంచివాని పేరే ఈ ఊరికి వచ్చినది. చెరకు, కాఫీ, అనాస ఇక్కడి పంటలు. ఊరివారిలో అధికులు క్రెయోల్ ప్రజలు. తెలుగు కుటుంబాల ఊరు కాదిది. అయినను మా ఆలయ సంఘము పిల్లలను, పెద్దలను వెంటబెట్టుకుని అనేక పర్యాయములు ఇక్కడికి వెళ్ళినది. అందుకు ఒక కారణము కలదు. మన ఇళ్ళలో నిలిచిన తెలుగు చాలావరకు పూజకూ, పండుగకూ, రామభజనకూ చెందినది. దేవుని పేర్లు, వంటల పేర్లు, చుట్టరికాల పేర్లు మనకు వచ్చును. కొండను, వాగును, మన్నును చూపి మాట్లాడవలసి వచ్చినప్పుడు మన నోట క్రెయోల్ మాటయే ముందు వచ్చును. ఈ వ్యాసములో షామరెల్ చుట్టుపట్ల చూడదగినవాటిని, నడవదగిన దారులను, వాటికి తగిన తెలుగు మాటలతో చెప్పుచున్నాము.

ఊరికి చేరు దారి

పడమటి తీరాన ఉన్న కాజ్ నోయాల్ నుండి ఒక దారి మెలికలు తిరుగుతూ పైకి వచ్చును. దక్షిణమున బే ద్యు కాప్ వైపు నుండి మరొకటి కలదు. పీఠభూమి మీద ప్లేన్ షాంపేన్ నుండి దిగివచ్చునది మూడవది. కొండ ఎక్కు ఇటువంటి మెలికల దారిని తెలుగుదేశమున ఘాట్ రోడ్డు అందురు. తిరుమలకు పోవునది అటువంటిదే. రెండు కొండల నడుమ దారి ఇచ్చు చోటును కనుమ అందురు. కాజ్ నోయాల్ దారిలో సగము పైకి వచ్చిన తరువాత ఒకసారి ఆగి వెనుకకు చూడవలెను. కింద సముద్రము, దానిలో లేత నీలపు పగడపు దిబ్బల వరుస, ఎడమన లె మోర్న్ కొండ కనబడును. ఈ మెలికలలో కడుపు తిప్పు పిల్లలు ప్రతి ప్రయాణములోనూ ఒకరిద్దరు ఉందురు. వారిని ముందు సీట్లలో కూర్చోబెట్టుట మంచిది.

రంగుల మన్ను

షామరెల్ పేరు విన్నవారందరికీ ముందు గుర్తుకు వచ్చునది ఏడు రంగుల నేల. చుట్టూ దట్టమైన చెట్లు, నడుమ గడ్డిపోచైనను మొలవని చిన్న చిన్న దిబ్బలు. ఎరుపు, గోధుమ, ఊదా, నీలము, పసుపు, ఆకుపచ్చ ఛాయలు ఒకదాని పక్కన ఒకటి చారలుగా ఉండును. ఎండ ఏటవాలుగా పడు ఉదయము, సాయంకాలము రంగులు తేటగా కనబడును. మిట్టమధ్యాహ్నము వెళ్ళినవారు "ఇంతేనా" అని తిరిగి వచ్చుట మేము చూచితిమి.

మొదటి ప్రయాణములో మేము పిల్లలకు ఇది దేవుని లీల అని చెప్పి ఊరుకుంటిమి. ఒక బాలిక, "లీల సరే, ఎలా జరిగింది?" అని అడిగినది. మాకు జవాబు తెలియలేదు. తరువాత చదివి తెలుసుకున్నది ఇక్కడ చెప్పుచున్నాము. ఈ ద్వీపము సుమారు 80 లక్షల సంవత్సరాల క్రితము సముద్రములోని అగ్నిపర్వతము వలన పుట్టినది. పొంగిన లావా చల్లారి బసాల్ట్ అను నల్లరాయిగా మారినది. వేడిలో, వానలో ఆ రాయి మెల్లమెల్లగా శిథిలమై బంకమన్ను అయినది. సులువుగా కరుగు పదార్థములన్నీ వాననీటితో కొట్టుకుపోగా, కరగని ఇనుము, అల్యూమినియము ఆక్సైడ్లు మిగిలినవి. ఇనుము గల మన్ను ఎరుపు, గోధుమ రంగులను, అల్యూమినియము గలది నీలి, ఊదా ఛాయలను చూపును. మొక్కకు కావలసిన సారము మిగలలేదు గనుక ఇక్కడ ఏమియు మొలవదు.

మన పూర్వికులలో అనేకులు విశాఖపట్టణము, శ్రీకాకుళము, గోదావరి ప్రాంతాల నుండి వచ్చినవారు. విశాఖపట్టణము, భీమునిపట్నముల నడుమ సముద్రపు ఒడ్డున ఎర్రమట్టి దిబ్బలు అను చోటు కలదు. చూపునకు రెండూ చుట్టాలవలె ఉండును. పుట్టుక మాత్రము వేరు. అక్కడిది సముద్రము, గాలి తెచ్చి పోసిన ఇసుక. అందలి ఇనుము తుప్పు పట్టుట వలన ఎర్రబడినది. ఇక్కడిది ఉన్నచోటనే మాగిన రాయి. రెండింటికీ ఎరుపునిచ్చినది ఇనుమే.

దిబ్బల చుట్టూ కంచె కలదు. లోపల నడువకూడదు, మన్ను తీయకూడదు. ఒక పర్యాయము మా బృందములోని ఒక పెద్దాయన పూజగదిలో ఉంచుటకని చిటికెడు మన్ను జేబులో వేసుకొనిరి. భక్తితోనే చేసిరి, కాదనము. కాని వచ్చినవారందరూ చిటికెడు చొప్పున తీసిన దిబ్బ మిగులునా? ఆయనయే వెనుకకు వెళ్ళి కంచె లోపల చల్లి వచ్చిరి.

జలపాతము, ఎర్రనీరు

రంగుల నేలకు పోవు దారిలోనే షామరెల్ జలపాతము కలదు. సుమారు 100 మీటర్ల ఎత్తు నుండి నీరు నిలువుగా లోయలో పడును. కొండ నుండి ఎగిరి పడు నీటిని జలపాతమనియు, రెండు కొండల నడుమ లోతైన పల్లమును లోయ అనియు, చిన్న ప్రవాహమును వాగు లేక సెలయేరు అనియు అందురు. చూచుటకు పైన అరుగులు కట్టియున్నవి. వయసు మళ్ళినవారికి అది చాలును.

వాగుల విషయములో మా అనుభవమొకటి చెప్పవలెను. కొన్నేళ్ళ క్రితము, ఈ కొండలలోని ఒక కాలిబాటన, పన్నెండుమంది యువకులతో ఒక వాగు ఒడ్డున కూర్చుని అన్నము తినుచుంటిమి. మా తల మీద ఎండ కాయుచున్నది. నీరు చీలమండ లోతు కూడ లేదు. దాటి అవతలి ఒడ్డున ఆడుకొనుటకు నలుగురు పిల్లలు పోయిరి. ఆ దారిన వచ్చిన ఊరి ముసలాయన ఒకరు నీటిని చూచి, పిల్లలను వెంటనే పిలువుడని క్రెయోల్‌లో గట్టిగా చెప్పెను. మేము కదలలేదు. వాన లేదు గదా అనుకొంటిమి. ఆయన తానే దాటి, చిన్నవానిని చంకనెత్తుకుని, మిగిలినవారిని తరుముకుంటూ ఇవతలికి తెచ్చెను. కొద్ది నిమిషములలో నీరు మోకాలి పైకి వచ్చినది. రాళ్ళు దొర్లు చప్పుడు మా కాళ్ళ కింద తెలిసినది. పైన పీఠభూమి మీద వాన కురిసినది, మాకు కనబడలేదు. ఆయనకు ఎట్లు తెలిసినదని అడిగితిమి. నీటి రంగు మారినదని ఆయన జవాబు. తేటనీరు సన్నగా ఎర్రబారుట ఆయన చూచెను, మేము చూడలేదు. ఆ తప్పు పూర్తిగా మాదే.

ఇంటికి వచ్చిన తరువాత ఈ సంగతిని ఆంధ్రదేశము నుండి వచ్చిన ఒక తెలుగు పంతులుగారికి చెప్పితిమి. గోదావరి తీరమున దానికి మాట ఉన్నదని వారనిరి. ఎగువన వానలు పడి, మన్నుతో కలిసి వచ్చు మొదటి వరద నీటిని అక్కడ ఎర్రనీరు అందురట. ఎర్రనీరు వచ్చినదనగా ఒడ్డున ఉన్నవారు జాగ్రత్తపడుదురట. మన తాతముత్తాతలకు ఆ మాట తెలిసియుండును. చెరకు తోటలకు వచ్చిన తరువాత నది అవసరము లేక, మాట మన నోటి నుండి జారిపోయినది. ఇప్పుడు మా బృందములోని ప్రతి పిల్లవానికి, దారిలో దిగకముందే, ఆ ఒక్క మాటను నేర్పుచున్నాము.

అడవి

షామరెల్‌కు తూర్పున బ్లాక్ రివర్ గోర్జెస్ జాతీయ వనము మొదలగును. 1994లో ఏర్పడిన ఈ వనము సుమారు 67 చదరపు కిలోమీటర్లు. డచ్చివారు వచ్చినప్పుడు ద్వీపమంతటా అడవియే. నల్లచేవ గల ఎబొనీ మానులను వారు కొట్టి ఓడలలో తరలించిరి. తరువాత చెరకు కోసము మిగిలిన అడవి పోయినది. నేడు చెక్కుచెదరని సహజమైన అడవి ద్వీపములో రెండు శాతములోపే. తెలుగుదేశమున బీడీ ఆకు ఇచ్చు తునికి చెట్టు ఈ ఎబొనీకి దగ్గరి చుట్టము. షామరెల్ పైన ఎబొనీ ఫారెస్ట్ అను చోట కలుపు చెట్లను తీసి, ఈ నేలవైన మొక్కలను తిరిగి నాటుచున్నారు. అక్కడి కర్రల వంతెన మీద నడుచుట పిల్లలకు ఇష్టము.

ఓపికతో నిలబడినవారికి మూడు పక్షులు కనబడవచ్చును: గులాబి పావురము, పచ్చని ఎకో చిలుక, మారిషస్ డేగ. 1974లో ఈ డేగలు అడవిలో నాలుగే ఉన్నట్లు తెలిసినది. మనుషులు గుడ్లను కాపాడి, పిల్లలను పెంచి విడుచుట వలన నేడు వందలలో ఉన్నవి. డోడో పక్షికి అటువంటి అదృష్టము పట్టలేదు.

మన కుటుంబాలకు అడవి అనగానే గుర్తుకు వచ్చునది గోయావ్ ద షీన్, అనగా చిన్న ఎర్రజామ. ఉగాది దాటిన తరువాత ప్లేన్ షాంపేన్ దారి పొడవున కార్లు ఆపి, సంచులతో జామకాయలు కోయని కుటుంబము లేదు. ఉప్పు, కారము అద్దుకుని తినుటలో ఉన్న రుచి చెప్పనక్కరలేదు. అయినను నిజము తెలియవలెను. ఇది బ్రెజిల్ నుండి వచ్చిన మొక్క. గుబురుగా అల్లుకుని ఈ నేలవైన చెట్లను మొలవనీయదు. కాయలు కోసి తినుట వలన అడవికి హాని లేదు. విత్తులు గల కాయలను దారిన ఉమ్ముచు పోవుట మాత్రము మానవలెను.

శిఖరములు

ద్వీపములో అన్నిటికంటె ఎత్తైన శిఖరము, పితోన్ ద లా పెతీత్ రివియేర్ న్వార్, 828 మీటర్లు. షామరెల్ పైనున్న రోడ్డు నుండియే కాలిబాట కలదు. చాల దూరము కొండ వెన్ను మీద సుఖముగా నడువవచ్చును. చివరి భాగము నిటారుగా, వేళ్ళు పట్టుకుని ఎక్కవలసినది. వాన పడిన మరునాడు వెళ్ళకూడదు.

లె మోర్న్ 556 మీటర్ల కొండ. దానిని ఆటస్థలమువలె చూడరాదు. యజమానుల నుండి పారిపోయిన బానిసలు అక్కడ దాగి బ్రతికిరి. 1835 ఫిబ్రవరి 1న బానిసత్వము రద్దయినది. ఆ తరువాత ఖాళీ అయిన తోటల పనికే మన పూర్వికులను ఓడలలో తెచ్చిరి. ఆ కొండ మనవారి కథ కాదు, కాని మన కథ దాని తరువాతి పుట. 2008లో యునెస్కో దానిని ప్రపంచ వారసత్వముగా గుర్తించినది. దేశపు జాతీయ పుష్పమైన ట్రోషేషియా బుటోనియానా సహజముగా పూయునది ఆ కొండ మీదనే. పైకి ఎక్కునప్పుడు పాటలు పెట్టెలు మ్రోగించవద్దని మా యువకులకు చెప్పుచున్నాము. క్రెయోల్ సోదరులు కొందరు అక్కడ తమ పెద్దలను తలచుకొనుచు నిలబడియుందురు.

ఎప్పుడు, ఎట్లు

జూన్ నుండి సెప్టెంబరు వరకు చలి, వాన తక్కువ. నడకకు అదే తగిన కాలము. నవంబరు నుండి ఏప్రిల్ వరకు తుఫానుల భయము కలదు. పుస్తకములో ఉగాది వసంతమని చదివిన పిల్లలు ఇక్కడ ఆకాశము చూచి తికమకపడుదురు. భూమధ్యరేఖకు దక్షిణమున ఉన్నాము గనుక మన ఉగాది వేసవి ముగియు వేళ వచ్చును.

పట్టు గల బూట్లు, వానకోటు, మనిషికి రెండు లీటర్ల నీరు తప్పనిసరి. లోయలలో ఫోను అందదు. ఎక్కడికి పోవుచున్నారో, ఎన్నింటికి వత్తురో ఇంటిలో చెప్పి బయలుదేరవలెను. పులిహోర పొట్లములు తెచ్చువారు వాటిని సంచి లోపల కట్టి ఉంచుడు. ప్లేన్ షాంపేన్ వద్ద కోతులు చేతిలోనిది లాగుకొనిపోవును. మా కోశాధికారిగారి కండువా సహితము అటులనే పోయినది.