తోడేలు రోగము - దీపపు చికిత్స

క్షయ యనగానే మనకు దగ్గును, నెత్తురును, చిక్కి శల్యమైన దేహమును తలపునకు వచ్చును. ఆ క్షయయే యూపిరితిత్తులను విడిచి చర్మమును బట్టుటయు గలదు, అది యరుదు. ముక్కు మీదనో చెక్కిలి మీదనో చిన్న బొడిపెలుగా మొదలై, నొప్పి లేకయే యేండ్ల తరబడి ప్రాకి, ముక్కును, పెదవిని, చెవిని తినివేయును. ఐరోపా వైద్యులు దీనిని ‘లూపస్’ అనిరి. లాటిను భాషలో ఆ మాటకు తోడేలని యర్థము.

శ్రోతలారా, పందొమ్మిదవ శతాబ్దమున నా దేశములలో నీ రోగము పాలైనవారు ప్రాణముండియు ముఖము లేనివారై, నలుగురిలోనికి రాజాలక బ్రతికిరి. వైద్యులు పుండును గీకిరి, కాల్చిరి, ఘాటైన మందులు పూసిరి. 1882లో క్షయక్రిమిని గనుగొనిన రాబర్టు కాక్, 1890లో ‘ట్యుబర్క్యులిన్’ అను మందును ప్రకటించెను. సూది వేయగనే పుండు ఎర్రబడి పొంగెను. లోకమెల్ల నాశపడెను గాని రోగము కుదురలేదు.

అప్పుడు నీల్సు ఫిన్సెన్ అను యువవైద్యుడు కోపెన్‌హేగను నగరమున నుండెను. ఆయన 1860లో డెన్మార్కు పాలనలోని ఫారో దీవులలో జన్మించెను. ఇరువదియేండ్లు దాటినది మొదలు తానే దీర్ఘరోగి. ఎండ చొరని యింట నుండి నీరసించి, వెలుతురు సోకినప్పుడు తేరుకొనుచు, ఎండలోనేమి శక్తి యున్నదో యని విచారింప సాగెను. చెవితమ్మె వెనుక ఛాయాచిత్రపు కాగితముంచి వెలుగు ప్రసరింపజేసెను; కాగితము నల్లబడలేదు. తమ్మెను గాజుబిళ్లల నడుమ నదిమి నెత్తురు తొలగింపగా వెంటనే నల్లబడెను. కిరణములకు నెత్తురే యడ్డమని తేలినది.

1895లో, విద్యుద్దీపముల కర్మాగారమున పనిచేయు నొక యింజనీరునకు తొలి చికిత్స జరిగెను. బొగ్గుకడ్డీల నడుమ వెలుగు విద్యుద్దీపపు కాంతిని కటకములతో నొకచోటికి జేర్చి, లోపల చల్లనీరు పారు స్ఫటికపు బిళ్లను చర్మముపై నదిమి పట్టి, నాణెమంత చోటున గంటకు పైగా ప్రసరింపజేయవలెను. మరునాడు ప్రక్క చోటు. ఇట్లు మాసముల తరబడి! బిళ్లను కదలక పట్టుకొని రోగి చెంత గూర్చుండినది పరిచారికలు. చరిత్రకారులు వారి పేర్లు చెప్పకపోవుట నాకు న్యాయముగా తోపదు. ఆ యోర్పు లేనిదే యంత్రమేమి చేయును? 1896లో ఫిన్సెన్ పేర చికిత్సాలయము వెలసెను. తరువాతి యైదారేండ్లలో 800 మందికి పైగా రోగులు వచ్చిరి. పెక్కురు కుదిరి, ముసుగు తీసి వీధిలోనికి నడచిరి.

1903లో నోబెల్ బహుమానము లభించెను. చక్రముల కుర్చీకి పరిమితుడైన ఫిన్సెన్ దానిని స్వయముగా బోయి స్వీకరింపజాలకపోయెను. మరుసటి యేట, నలువదిమూడవ యేట మరణించెను.

1944లో స్ట్రెప్టొమైసిన్, 1952లో ఐసోనియాజిడ్ వచ్చిన పిదప దీపములతో పని తీరెను. నేడు సాధారణముగా నారుమాసములు మందులు మానక వాడిన చర్మక్షయ కుదురును.

అయితే 2005లో డెన్మార్కు పరిశోధకులు ఆ పాత దీపమును మరల పరీక్షించిరి. క్రిములను సూటిగా చంపగల మిక్కిలి చురుకైన యతినీలలోహిత కిరణములను దాని కటకములే యాపివేయునని తెలిసినది. మరి రోగమెట్లు కుదిరెను? క్షయక్రిమి తన దేహముననే ‘పార్ఫిరిన్’ అను వర్ణద్రవ్యమును తయారుచేసికొనును. నీలికాంతి సోకగనే యది ప్రాణవాయువును విషమువలె మార్చి, ఆ క్రిమినే చంపుననియు, ఫిన్సెన్ చికిత్స ఫలించుటకు నదియే కారణమై యుండుననియు వారు నిర్ణయించిరి.