పుట్టమన్ను, పొలం: జింబాబ్వే వ్యవసాయ చరిత్రలో ఒక పార్శ్వం

చెదపుట్ట మన్నును పొలానికి తోలి భూసారం పెంచుకొనే పద్ధతి జాంబియా, మలావీ, జింబాబ్వే దేశాల చిన్నరైతులకు పరిచితం. దీనిని సంప్రదాయ విజ్ఞానానికి నిదర్శనంగా పేర్కొనడం పరిపాటి. ఆ మాట నిజమే కాని అసంపూర్ణం. జింబాబ్వేలో రైతు పుట్టను ఎందుకు ఆశ్రయించవలసి వచ్చిందో పరిశీలిస్తే, ఆ పద్ధతి వెనుక భూమి పంపకపు చరిత్ర కనిపిస్తుంది.

షోనా భాషలో చెదపుట్టను ‘చురు’ అంటారు. అక్కడి పెద్దపుట్టలు మాక్రోటెర్మిస్ జాతి చెదలు కట్టినవి. ఇవి పుట్టలోపల శిలీంధ్రాన్ని పెంచుకొనే చెదలు. ఇదే ఉపకుటుంబానికి చెందిన చెదలు తెలుగునేల మీదా ఉన్నాయి. ‘పుట్టగొడుగు’ అనే మాటలో ఆ సంబంధం నిక్షిప్తమై ఉంది. చెదలు లోపలి పొరల నుంచి బంకమట్టిని పైకి తెచ్చి, లాలాజలంతో కలిపి పుట్ట కడతాయి. అందువల్ల చుట్టూ ఉన్న నేలకంటే పుట్టలో బంకమట్టి, సున్నం పాలు ఎక్కువ. గ్రానైటు శిథిలమై ఏర్పడిన ఇసుకనేల నీటినీ పోషకాలనూ నిలుపుకోలేదు. పుట్టమన్ను ఆ లోపాన్ని కొంత పూరిస్తుంది. వర్షాలకు ముందే రైతులు పుట్టను తవ్వి, పెళ్లలు చితగ్గొట్టి, బండ్లపై తోలి మొక్కజొన్న చేలలో వెదజల్లుతారు.

ఈ ఇసుకనేలలు రైతులు కోరి ఎంచుకొన్నవి కావు. 1930 నాటి భూవిభజన చట్టం దేశాన్ని జాతి ప్రాతిపదికన పంచి, దాదాపు సగం భూభాగాన్ని స్వల్పసంఖ్యాకులైన శ్వేతజాతివారికి కేటాయించింది. ఆఫ్రికన్లకు మిగిలిన రిజర్వులలో చాలామేరకు ఇసుకనేలలే. 1926లో స్థానికుల వ్యవసాయ శిక్షణకు నియుక్తుడైన ఇ. డి. ఆల్వర్డ్ పశువుల ఎరువునూ పంటమార్పిడినీ ప్రబోధించాడు. ఎరువు కావాలంటే పశువులుండాలి. 1951 నాటి చట్టం ఆ పశువుల సంఖ్యకే పరిమితి విధించింది. 1991లో మొదలైన ఆర్థిక సంస్కరణలతో రాయితీలు తగ్గి, రసాయనిక ఎరువులు పేదరైతుకు మరింత భారమయ్యాయి. పశువులు, నగదు రెండూ కొరవడిన ఇంటికి అందుబాటులో మిగిలినవి అడవి ఆకు, పుట్టమన్ను. బండి లేనివారికి ఆ మన్ను తరలించడమూ కష్టమే.

శాస్త్రజ్ఞులు ఈ మన్ను మీద దృష్టి పెట్టకపోలేదు. నేలను సరిచేసే ద్రవ్యంగా పుట్టమన్ను ఉపయోగాన్ని పరిశీలిస్తూ జె. పి. వాట్సన్ 1977లో ఒక వ్యాసం ప్రకటించాడు. అంతకు పదేళ్ల ముందు, 1967లో, ఇనుపయుగపు శ్మశానవాటికలో ఉన్న ఒక పుట్టను అతడే వర్ణించాడు. ఆ పుట్ట వయస్సు దాదాపు 700 ఏళ్లని అంచనా. ఈ రెండు వ్యాసాలనూ కలిపి చదివినప్పుడే అసలు సమస్య బోధపడుతుంది. ఒక వ్యాసంలో పుట్ట ఎరువు. మరొకదానిలో అది శతాబ్దాల సంచయం. చెదలు తరతరాలుగా కూర్చిన మన్నును రైతు కొద్ది రోజుల్లో తరలించగలడు. తిరిగి కూర్చడం అతని చేతిలో లేదు. పుట్టమన్ను తోలడమంటే సారాన్ని ఒకచోటి నుంచి మరొకచోటికి మార్చడమే కాని కొత్తగా సృష్టించడం కాదు.

కనుక పుట్టమన్నును ‘ఖర్చులేని ఎరువు’గా శ్లాఘించడం చరిత్రను విస్మరించడమే అవుతుంది. రైతు జ్ఞానం గౌరవించదగినది. అతడిని ఆ జ్ఞానం ఒక్కదానిమీదే ఆధారపడేలా చేసిన పరిస్థితులు విమర్శించదగినవి. సంప్రదాయ వ్యవసాయ పద్ధతులను అధ్యయనం చేసేవారు ఈ రెండింటినీ విడివిడిగా గుర్తించడం అవసరం.