ఉదర శ్వాస

ఛాతీ పైభాగాన్ని, భుజాలను ఎగరేయకుండా డయాఫ్రంతో ఊపిరి తీసుకునే పద్ధతి. డయాఫ్రం ఛాతీకీ పొట్టకీ నడుమ గొడుగులా కమ్ముకుని ఉండే పలుచని కండరం. మెడలోని 3, 4, 5 వెన్ను నాడుల నుంచి పుట్టే ఫ్రెనిక్ నాడి దాన్ని నడిపిస్తుంది. అది బిగిసి కిందికి దిగినప్పుడు ఛాతీలో చోటు పెరిగి గాలి లోపలికి వస్తుంది, పొట్ట ముందుకు ఉబ్బుతుంది. నిద్రపోతున్న పసిపాపను గమనిస్తే ఈ కదలిక స్పష్టంగా కనిపిస్తుంది.

నేర్చుకునేటప్పుడు వెల్లకిలా పడుకోవడం మేలు. మోకాళ్ల కింద దిండు పెట్టుకుని ఒక చెయ్యి ఛాతీ మీద, మరొకటి పక్కటెముకల దిగువన ఆనించాలి. ముక్కుతో నెమ్మదిగా పీలిస్తే కింది చెయ్యి పైకి లేవాలి, పై చెయ్యి దాదాపు కదలకూడదు. పెదవులు ముడిచి, పీల్చినదానికంటే ఎక్కువసేపు వదలాలి. గాలితో నిమిత్తం లేకుండా పొట్టను బలవంతంగా ముందుకు నెట్టడం తరచూ జరిగే పొరపాటు. దానివల్ల ఫలితం ఉండదు. రోజుకు మూడు నాలుగు సార్లు, 5 నుంచి 10 నిమిషాలు సాధన చేసి, పట్టు చిక్కాక కూర్చుని, ఆపైన నడుస్తూ చేయవచ్చు. తల తిరిగితే ఆపేయాలి.

పొగతాగడం వల్లో, ఏళ్ల తరబడి కట్టెల పొయ్యి పొగ పీల్చడం వల్లో వచ్చే సీఓపీడీ అనే దీర్ఘకాలిక శ్వాస జబ్బులో గాలి ఊపిరితిత్తుల్లో చిక్కుబడి డయాఫ్రం చదునవుతుంది. ఈ దశలో ఉదర శ్వాస కొందరికి ఆయాసం పెంచవచ్చు కూడా. అందుకే ఫిజియోథెరపిస్టు పర్యవేక్షణలోనే మొదలుపెట్టాలి, ఇన్‌హేలర్ మానకూడదు.